నీడ పడని బల్ల



రెండేళ్ల కిందట ఒక సాయంత్రం నా చేతిలోంచి చిన్న గ్రబ్ స్క్రూ ఒకటి జారి కింద పడింది. బియ్యపు గింజకన్నా కాస్త పెద్దది, అంతే. లేత్ పుల్లీని ఇరుసు మీద బిగించి ఉంచేది అదే కాబట్టి, అది దొరక్కపోతే ఆ రాత్రికి పని ఆగినట్టే. మోకాళ్ల మీద కూర్చుని నేలంతా తడిమాను. దొరకలేదు. ఇంట్లోంచి మా ఆవిడను పిలిచాను. ఆమె టార్చి తెచ్చింది. కానీ నాలాగా పైనుంచి కిందికి వేయలేదు. చాప మీద పడ్డ సూదిని వెతికేటప్పుడు చేసేట్టు, టార్చిని నేలకు ఆనించి అడ్డంగా వేసింది. ఆ పిసరంత స్క్రూ నీడ జానెడు పొడుగున గోడవైపు సాగింది. వెంటనే దొరికింది.

లేస్తూ లేస్తూ ఆమె టార్చిని అలాగే బల్ల అంచున పెట్టింది. బల్ల మీద ఒక టేకు పలక ఉంది. పొద్దుటినుంచి దానికి చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, ఇక పాలిష్ వేయడమే తరువాయి అనుకున్న పలక. ఆ అడ్డపు వెలుతురులో చూస్తే దాని ఒళ్లంతా దువ్వెనతో గీరినట్టు గీతలు. "ఇది ఇంకా అవ్వలేదాండీ?" అని అడిగింది ఆమె. ఏం చెప్పను? అయిపోయిందనుకునే కదా పక్కన పెట్టాను.

అంతకు ముందు రెండేళ్లలో నేను రెండుసార్లు కళ్లద్దాలు మార్పించాను. చూపు తగ్గుతోందని, వయసు మీద పడుతోందని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. రెండోసారి వెళ్లినప్పుడు కంటి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, అద్దాల నంబరు పెద్దగా మారలేదని చెప్పి, ఒక ప్రశ్న వేసింది. "మీరు పనిచేసేచోట లైటు ఎటువైపు ఉంటుందండీ?" అని. ఆ ప్రశ్నను నేను అప్పుడు పట్టించుకోలేదు. టార్చి బల్ల మీద వెలిగిన రాత్రి గుర్తొచ్చింది.

ఇంటి దగ్గర చిన్న పనిషెడ్డు పెట్టుకున్నవాళ్లు, పెట్టుకోబోతున్నవాళ్లు మా బెంగళూరులో చాలామంది ఉన్నారు. ఇది పనిముట్ల ఊరు. 1940లో హెచ్‌ఏఎల్, 1948లో ఐటీఐ, 1953లో హెచ్‌ఎంటీ, 1954లో బీఈఎల్ కర్మాగారాలు ఇక్కడ మొదలయ్యాయి. తర్వాత పీణ్య పారిశ్రామికవాడ వచ్చింది. మన తెలుగువాళ్లు చిత్తూరు నుంచి, అనంతపురం నుంచి, కర్నూలు నుంచి వచ్చి ఫిట్టర్లుగా, టర్నర్లుగా, మెషినిస్టులుగా చేరి ఇక్కడే స్థిరపడ్డారు. పదవీ విరమణ అయ్యాక చేతులు ఊరికే ఉండవు కదా. మేడ కిందో, పెరట్లోనో ఒక వైసు, ఒక గ్రైండరు, వీలైతే ఒక చిన్న లేత్ పెట్టుకుంటారు. నేనూ ఒక ప్రభుత్వరంగ కర్మాగారం టూల్‌రూమ్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేసి, మత్తికెరెలో మా ముప్పై–నలభై అడుగుల సైటు వెనక భాగంలో ఒక షెడ్డు కట్టుకున్నాను. వెడల్పు 10 అడుగులు, పొడుగు 14 అడుగులు. యంత్రాలకు డబ్బు పెట్టాను. ఉలులకు, రంపాలకు పెట్టాను. వెలుతురుకు మాత్రం పాత ఇంట్లోంచి విప్పుకొచ్చిన రెండు ట్యూబ్‌లైట్లు తగిలించాను.

ఆ తగిలించడంలోనే ఉంది తప్పంతా. ఒకసారి మీ ఇంట్లో ట్యూబ్‌లైటు ఎక్కడుందో గుర్తు చేసుకోండి. మన ఇళ్లలో దాన్ని పైకప్పుకు బిగించం, గోడకు బిగిస్తాం, గుమ్మం పైన, మనిషి అందుకోలేనంత ఎత్తులో. స్లాబు మధ్యలో ఫ్యాను కొక్కెం ఒక్కటే ఉంటుంది. హాల్లో కూర్చుని మాట్లాడుకోవడానికి, భోజనం చేయడానికి అది సరిపోతుంది. పనిషెడ్డులో మాత్రం ఏమవుతుందంటే, బల్ల ఒక గోడవారగా ఉంటుంది, మనిషి దానివైపు తిరిగి నిలబడతాడు, లైటు వీపు వెనక గోడ మీద ఉంటుంది. మూలమట్టం పెట్టి గీత గీయడానికి ముందుకు వంగగానే తల నీడ, భుజాల నీడ సరిగ్గా ఆ గీత మీదే పడతాయి. అంటే మనకు వెలుతురు ఎక్కువ కావలసిన క్షణంలోనే, కావలసిన చోటే తక్కువవుతుంది. పన్నెండేళ్లు నేను నా నీడలోనే గీతలు గీశాను.

నా స్నేహితుడొకాయన దగ్గర లక్స్ మీటరు ఉంటే అడిగి తెచ్చాను. లక్స్ అంటే ఒక చదరపు మీటరు మీద పడే వెలుతురు లెక్క. దీపం నుంచి బయటికొచ్చే మొత్తం వెలుతురును ల్యూమెన్లలో కొలుస్తారు. అందులో ఒక్క ల్యూమెన్ ఒక్క చదరపు మీటరు మీద సమంగా పరుచుకుంటే అది ఒక లక్స్. మీటరును బల్ల మీద పెట్టి పక్కకు జరిగితే 110 చూపించింది. నేను పనిచేసేటట్టు వంగి నిలబడితే 35. ఆ 35 అంకెను చూసి చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

మా నాయన వడ్రంగి. మదనపల్లె పక్కన మా ఊళ్లో, ఇంటి ముందు వేపచెట్టు కింద ఆయన పని. ఇంట్లోపల ఎప్పుడూ పనిచేయలేదు, వాన వస్తే పంచలోకి జరిగేవాడు, అంతే. పగటిపూట చెట్టునీడలో కూడా వెలుతురు సుమారు 10,000 లక్స్ దాకా ఉంటుంది. నడి మధ్యాహ్నపు ఎండ లక్ష దాకా పోతుంది. ఆ 10,000 లక్స్ కూడా ఒకే చోటునుంచి రాదు. ఆకాశమంతా దీపమే కాబట్టి నాలుగు వైపులనుంచీ వస్తుంది. అందుకే వేపచెట్టు కింద ఆయన చేతినీడ ఆయన గీతను ఎప్పుడూ మింగలేదు. దీపాలు పెట్టే వేళ కాగానే ఉలి, చిత్రిక పక్కన పెట్టేసేవాడు. లాంతరు వెలిగించాక దుంగలు కోసేవాడేమోగానీ, కూసం పెట్టే పని, తొలిచే పని ముట్టుకునేవాడు కాదు. పొద్దున్నే చూసుకుందాం అనేవాడు. చిన్నప్పుడు అది అలసట అనుకున్నాను. ఆయన పని మానేది వెలుతురు చాలకనే. కరెంటు వచ్చాక మనం రాత్రి పది దాకా పనిచేయగలుగుతున్నాం, మంచిదే. కానీ ఆయన వదిలిపెట్టేసిన వెలుతురులో మనం సూక్ష్మమైన పని మొదలుపెడుతున్నాం.

ఎంత వెలుతురు కావాలి? మన దేశంలో భవనాల లోపలి వెలుతురుకు ఐఎస్ 3646 అని ఒక భారతీయ ప్రమాణం ఉంది. ఇతర దేశాల ప్రమాణాలూ ఇంచుమించు దాని దారిలోనే ఉంటాయి. వాటి సారాన్ని నేను ఇలా గుర్తుపెట్టుకున్నాను: మామూలు బల్లపనికి 300 లక్స్, యంత్రాల మీద పనికి 500, సన్నని చెక్కుడు పనికీ, రంగు చూసే పనికీ 750. వయసు కూడా లెక్కలోకి రావాలి. అరవై ఏళ్లు వచ్చేసరికి కంటిపాప అంతగా విచ్చుకోదు, లోపలి కటకం పసుపు తిరుగుతుంది. ఇరవై ఏళ్ల కంటిలోకి చేరే వెలుతురులో సుమారు మూడో వంతే మనకు చేరుతుంది. మనవడికి చాలిన దీపం తాతకు చాలదు. అద్దాలు ఎన్ని మార్చినా ఆ లోటు పూడదు. దీపమే మార్చాలి.

ఇప్పుడు నా షెడ్డు లెక్క చెబుతాను, మీ షెడ్డుకు మీరే కట్టుకోవచ్చు. 10 అడుగులు, 14 అడుగులు అంటే సుమారు 13 చదరపు మీటర్లు. 500 లక్స్ కావాలంటే 13ను 500తో గుణించాలి, 6,500 ల్యూమెన్లు. కానీ దీపం విడిచిన వెలుతురంతా బల్లకు చేరదు. గోడలు తాగేస్తాయి, దుమ్ము తాగేస్తుంది, దీపం పాతబడేకొద్దీ తగ్గుతుంది. సగం పోతుందనుకోవడం క్షేమం. కాబట్టి రెట్టింపు, 13,000 ల్యూమెన్లు. మార్కెట్లో దొరికే నాలుగు అడుగుల 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీ ఒక్కొక్కటి సుమారు 2,000 ల్యూమెన్లు ఇస్తుంది. ఆరు పట్టీలు పెడితే 12,000. నాకు అది చాలు. ఆరు పట్టీలూ కలిపి కాల్చే కరెంటు 120 వాట్లు. నా పాత ట్యూబులు రెండే అయినా, రాగి చోకులతో కలిపి దాదాపు 110 వాట్లు కాల్చేవి. కొత్తగా ఉన్నప్పుడు కూడా రెండూ కలిసి 5,000 ల్యూమెన్లు దాటేవి కావు. ఖర్చయ్యే కరెంటు ఇంచుమించు అంతే, వెలుతురు మాత్రం రెట్టింపుకు మించి.

ఇంత చౌకగా ఇంత వెలుతురు మనకు ఈ మధ్యనే దొరికింది. నీలి ఎల్‌ఈడీని సాధించినందుకు జపాన్‌లో పుట్టిన ముగ్గురు, అకసాకి, అమనో, నకమురా, 2014లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఆ నీలి వెలుగు మీద పసుపు పూత వేస్తేనే మనకు తెల్ల వెలుగు వస్తుంది. మన దేశంలో ఎల్‌ఈడీ బల్బులను చౌకగా అందించే ఉజాలా పథకం 2015 జనవరిలో మొదలైంది. ప్రభుత్వ సంస్థ టోకున కొన్న ఎల్‌ఈడీ బల్బు ధర 2014లో 310 రూపాయలు ఉంటే, 2016 నాటికి 38 రూపాయలకు దిగింది.

పట్టీలు కొనడానికి బీవీకే అయ్యంగార్ రోడ్డుకు వెళ్లాను. దీపాలు, వైర్లు, స్విచ్చులు కొనేవాళ్లకు బెంగళూరులో ఆ వీధి తెలియకుండా ఉండదు. అక్కడినుంచి కాస్త నడిస్తే సిటీ మార్కెట్. 1905 ఆగస్టు 5న ఈ ఊళ్లో మొదటి కరెంటు వీధిదీపం వెలిగింది ఆ ప్రాంతంలోనే. ఆ కరెంటు కావేరి మీద శివనసముద్రం నుంచి వచ్చింది. ఆ కేంద్రాన్ని మొదట కట్టింది ఊళ్ల కోసం కాదు, 1902లో కోలారు బంగారు గనుల కోసం. చీకట్లో, రాతి కడుపులో పనిచేసే మనుషులకు, యంత్రాలకు ముందు వెళ్లింది. అంటే మన దగ్గర కరెంటు మొదట పనిచోటుకే చేరింది, ఇళ్లకూ వీధులకూ తర్వాత. నాకు ఆ వరుస సంగతి తలుచుకున్నప్పుడల్లా సంతోషం వేస్తుంది. మా మత్తికెరెకు దగ్గర్లోనే, పాత తుమకూరు రోడ్డు మీద, 1936లో మొదలైన మైసూర్ ల్యాంప్స్ ఫ్యాక్టరీ ఉండేది. ఎన్నో ఏళ్లు ఈ ప్రాంతపు ఇళ్లలో ఆ బల్బులు వెలిగాయి. 2003లో మూతపడింది. డ్యూటీకి వెళ్తూ దాని గోడ పక్కగా వేలసార్లు సైకిలు తొక్కాను.

సరే, పట్టీలు వచ్చాయి. ఎక్కడ పెట్టాలి? దీపం వెలుగు ఎంత ఎక్కువైనా, తప్పు చోట పెడితే నీడ నల్లగానే పడుతుంది. మా వీధి ఎలక్ట్రీషియన్ కుర్రాడు వచ్చి, స్లాబు మధ్యలో వరుసగా బిగిస్తే చూడ్డానికి బాగుంటుందన్నాడు. అతను కన్నడం, తెలుగు రెండూ కలిపి మాట్లాడతాడు. నేను అతన్ని అడిగిన ప్రశ్న ఒక్కటే. "నెరళు ఎల్లి బీళుత్తె?" నీడ ఎక్కడ పడుతుంది? అతను కాసేపు ఆలోచించి, తనే ఒక ఉపాయం చెప్పాడు. ఒక వెదురుకర్ర చివర బల్బు హోల్డరు కట్టి, పొడుగు వైరు ఇచ్చాడు. నేను బల్ల దగ్గర పనిచేసేటట్టు వంగి నిలబడ్డాను. అతను కర్ర పట్టుకుని ఆ బల్బును స్లాబు కింద ఒక్కో చోటికీ జరుపుతూ పోయాడు. నా చేతుల నీడ ఎక్కడెక్కడ పడుతోందో బల్ల మీద సుద్దముక్కతో గీసుకున్నాం. లేత్ దగ్గర అలాగే, డ్రిల్లింగ్ మెషిను దగ్గర అలాగే. రాత్రిపూట, తలుపులు మూసి, గంటసేపు చేశాం. ఆ గంట పని మిగతా అన్నిటికన్నా విలువైనదని నా నమ్మకం. సుద్ద గీతలు గోధుమ రంగు బల్ల మీద పూల రేకుల్లా కనిపించాయి. బల్బు నా తల వెనకకు పోయినప్పుడల్లా రేకులన్నీ నేను పనిచేసే చోటుకే వంగాయి. బల్బు నాకూ గోడకూ మధ్యకు వచ్చినప్పుడు రేకులు నా పొట్టవైపు వెనక్కి మళ్లాయి. నీడ నా వెనక్కి పోయింది.

అలా తేలిన ఏర్పాటు ఇది. మూడు పట్టీలు ఒక వరుస, బల్ల పొడుగునా, గోడకు అడుగున్నర దూరంలో, అంటే నేను వంగినప్పుడు నా నుదుటికి కాస్త ముందు. ఇంకో మూడు పట్టీలు గోడకు ఏడు అడుగుల దూరంలో, నా వెనక. ముందు వరుస పని మీద వెలుతురు వేస్తుంది, వెనక వరుస ఆ వెలుతురు మిగిల్చిన చీకటి మూలలను నింపుతుంది. చిన్న బల్బు వేసే నీడ కత్తితో కోసినట్టు ఉంటుంది. నాలుగు అడుగుల పట్టీలను చివరకు చివర ఆనించి పెడితే పన్నెండు అడుగుల దీపం అవుతుంది. దాని నీడ పల్చగా, అంచులు కరిగి ఉంటుంది. వేపచెట్టు కింద ఆకాశం చేసే పనిని ఈ పొడుగు కొంతవరకు చేస్తుంది.

ఇక ఫ్యాను. బెంగళూరులో ఒకప్పుడు ఇళ్లకు ఫ్యాన్లు అక్కర్లేదు. ఇప్పుడు ఏప్రిల్‌లో లేకుండా ఉండలేం. లైట్లు స్లాబుకు, ఫ్యాను వాటికింద ఉంటే రెక్కలు వెలుతురును తరుగుతాయి. నిమిషానికి 350 సార్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాను, సెకనుకు పదిహేడు, పద్దెనిమిది సార్లు బల్ల మీద నీడ ఆడిస్తుంది. తలనొప్పి వస్తుంది, అది చిన్న విషయం. తిరిగే యంత్రం దగ్గర ఆడే వెలుతురు ప్రమాదం. నేను సీలింగ్ ఫ్యాను తీసేసి గోడ ఫ్యాను పెట్టుకున్నాను.

ఆడే వెలుతురు గురించి ఇంకాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇందులో వేళ్లు పోయే మాట ఉంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ మారుతుంది. రాగి చోకుతో నడిచే పాత ట్యూబ్‌లైటు దాంతోపాటు సెకనుకు 100 సార్లు మసకబారి మళ్లీ వెలుగుతుంది. కంటికి తెలియదు. కానీ తిరిగే వస్తువు దగ్గర ఆ 100 మెరుపులూ 100 ఫోటోల్లాంటివి. లేత్ మీద నాలుగు దవడల చక్ ఉందనుకోండి. అది నిమిషానికి సరిగ్గా 1,500 చుట్లు తిరిగితే, సెకనుకు 25 చుట్లు. ఒక్కో మెరుపు మధ్య అది సరిగ్గా పావు చుట్టు తిరుగుతుంది. ఒక దవడ ఉన్నచోటికి మరో దవడ వచ్చి నిలుస్తుంది. చూసేవాడికి చక్ ఆగిపోయినట్టే ఉంటుంది. మన ఇళ్ల మోటార్లు ఎక్కువగా 1,440 మీద తిరుగుతాయి. ఆ లెక్కన పుల్లీలు సమానంగా ఉంటే చక్ ఆగినట్టు కూడా కాదు, సెకనుకు ఒక్క చుట్టు చొప్పున వెనక్కి, మెల్లగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. పగటి వెలుతురు లేని రాత్రివేళ, పక్కన ఇంకో యంత్రం హోరులో, అలసిన మనిషి అది ఆగబోతోందనుకుని చెయ్యి పెడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మా టూల్‌రూమ్‌లో చేరిన మొదటి వారంలోనే మా ఫోర్‌మన్ మాకు ఇది చూపించారు. పక్కపక్క ట్యూబులకు మూడు వేర్వేరు ఫేజులనుంచి కరెంటు ఇచ్చేవారు, ఒకటి మసకబారేటప్పుడు మరొకటి వెలుగుతూ ఉండాలని. ఇంట్లో మనకు ఎక్కువగా ఒకటే ఫేజు. అందుకే యంత్రం ఉన్న షెడ్డులో చోకు ట్యూబు ఉంచకండి. ఎల్‌ఈడీ అయినంత మాత్రాన భయం పోయిందనీ అనుకోకండి. లోపలి డ్రైవరు నాసిరకంది అయితే ఎల్‌ఈడీ కూడా 100 సార్లు ఆడుతుంది, ట్యూబుకన్నా ఎక్కువగానే ఆడవచ్చు. కొనేముందు చూసుకునే దారి సులువు. దుకాణంలో పట్టీ వెలిగించమని, మీ ఫోను కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి దానివైపు తిప్పండి. తెరమీద వెలుతురు కొట్టుకుంటూ, చారలుగా పాకుతూ కనబడితే ఆ పట్టీ మీ యంత్రానికి వద్దు. నిశ్చలంగా ఉన్నదాన్ని తీసుకోండి. నేను నాలుగు రకాలు చూసి రెండింటిని పక్కన పెట్టాను.

వెలుతురు రంగు గురించి మా ఇంట్లో వాదం జరిగింది. మనవాళ్లకు నీలపు తెలుపు ఇష్టం, పెట్టె మీద 6500 అని ఉంటుంది, దుకాణాల్లో కూల్ డే లైట్ అంటారు. నేను 4000 తెచ్చాను. నీలపు తెలుపులో టేకు బూడిద తిరిగినట్టు, రోజ్‌వుడ్ నల్లబడినట్టు ఉంటుంది. దానికన్నా ముఖ్యమైన అంకె ఒకటి పెట్టె మీద చిన్న అక్షరాల్లో ఉంటుంది, సీఆర్‌ఐ అని. సూర్యుడి వెలుతురును 100 అనుకుంటే, ఈ దీపం కింద రంగులు ఎంత నిజంగా కనబడతాయో చెప్పే అంకె అది. పాత ట్యూబులు చాలావరకు 60, 70 మధ్య ఉండేవి. మామూలు ఎల్‌ఈడీలు 80. వెతికితే 90 దాటినవి దొరుకుతాయి, కాస్త ధర ఎక్కువ. ముందు వరుసకు అవే కొన్నాను.

ఎందుకంత పట్టుదల అంటే, నేను లక్కపని నేర్చుకుంటున్నాను. బెంగళూరు నుంచి మైసూరు దారిలో అరవై కిలోమీటర్లు వెళ్తే చన్నపట్న. అక్కడి బొమ్మలు మీరు చూసే ఉంటారు. మన అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. రెండు ఊళ్ల మధ్య ఎంత దూరమో! కానీ కర్ర ఒకటే. మనం అంకుడు అంటాం, కన్నడిగులు ఆలె మర అంటారు. పని తీరూ ఒకటే. తిరుగుతున్న కర్రకు రంగు లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమి నునుపు తెస్తారు. ఏటికొప్పాకకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అక్కడ చెట్ల వేళ్లనుంచి, గింజలనుంచి, ఆకులనుంచి తీసిన రంగుల వాడుకను మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ రంగుల్లో పసుపుకూ నారింజకూ మధ్య ఉండే తేడా చాలా సున్నితం. నా పాత ట్యూబుల కింద ఒక కుంకుమభరిణె చేశాను. దాని మీది రెండు లక్క చారలూ ఒకే ఎరుపు అనుకున్నాను. పొద్దున్నే ఎండలో చూస్తే ఒకటి ఇటుక రంగు, ఒకటి దానిమ్మ రంగు. ఎర్రటి వస్తువు మీద తప్పు దీపం చేసే మోసం అంత పెద్దది.

గోడల రంగు కూడా దీపమే. నా షెడ్డు స్లాబు పన్నెండేళ్ల నూనె పొగకు, రంపపు పొట్టుకు ముదురు చాయ తిరిగింది. పట్టీలు బిగించే ముందు పైకప్పుకు, గోడలకు తెల్లసున్నం రెండు పూతలు వేయించాను. తెల్లగోడ తనమీద పడ్డ వెలుతురులో ముప్పాతిక దాకా తిప్పి కొడుతుంది. ముదురు గోడ మింగేస్తుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉన్నవాళ్లు ముందు సున్నంతో మొదలుపెట్టండి, దీపాలు తర్వాత కొనుక్కోవచ్చు.

వైరింగు మాట. ఇది చేయి తిరిగిన, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించండి. నేను పట్టుబట్టి చేయించుకున్నది ఒకటుంది: లైట్ల లైను వేరు, యంత్రాల లైను వేరు. రెండింటికీ చెరో ఎంసీబీ. రంపం ఇరుక్కుని ఎంసీబీ పడిపోయిందనుకోండి, లైట్లు కూడా దానిమీదే ఉంటే గది ఒక్కసారిగా చీకటి. మోటారు ఆగింది కానీ రంపపు చక్రం ఆ ఊపుకు ఇంకా తిరుగుతూనే ఉంటుంది, మీ చేతులు దాని పక్కనే ఉన్నాయి. ఈ ఒక్క జాగ్రత్తకు ఖర్చు కొన్ని మీటర్ల వైరు. బెస్కాం కరెంటు పోతే ఎలా అంటారా, లేత్ పైన ఒక ఇన్వర్టర్ బల్బు పెట్టాను. కరెంటు పోగానే దానంతట అదే వెలుగుతుంది. ఎర్తు సరిగా ఉండాలి, కరెంటు లీకైతే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. కొయ్యపొట్టు ఎగిరే చోట మూత గట్టిగా ఉన్న పట్టీలు తీసుకోండి.

పాత ట్యూబు ఫిట్టింగులోనే ఎల్‌ఈడీ ట్యూబు దూర్చుకుంటాం అనేవాళ్లు ఉన్నారు. చేయవచ్చు, కానీ చోకు, స్టార్టరు తీసేసి వైర్లు మార్చాలి. కొన్ని ట్యూబులకు ఒక కొననే కరెంటు ఇవ్వాలి, కొన్నిటికి రెండు కొనలా. ఆ తేడా తెలియకుండా చేస్తే పట్టుకునే కొనలోనే కరెంటు ఉండవచ్చు. పాత ట్యూబులను చెత్తలో విరగ్గొట్టి పారేయకండి, లోపల పాదరసం ఉంటుంది. ఈ-వ్యర్థాలు తీసుకునేచోట విడిగా ఇవ్వండి.

ఇక మా ఆవిడ టార్చి. పై దీపాలు ఎంత బాగున్నా అన్నీ చూపించవు. నాలుగు వైపులనుంచీ మెత్తగా పడే వెలుతురు గీతను, అంకెను, అంచును బాగా చూపిస్తుంది, కానీ పలక మీది గీరలను దాచేస్తుంది. గీరకు నీడ పడితేనే అది కనబడేది. అందుకని బల్ల ఎడమ కొసన, పలకకు జానెడు ఎత్తులో, వంచుకునే మెడ ఉన్న ఒక చిన్న దీపం పెట్టాను. పాలిష్ వేసే ముందు పైవన్నీ ఆపేసి అదొక్కటే వేస్తాను. ఒక్క నిమిషం. అంటే పనికి నీడ వద్దు, పరీక్షకు నీడ కావాలి. ఆ రెండింటికీ ఒకే దీపం చాలదు.

పని పూర్తయ్యాక లక్స్ మీటరు మళ్లీ తెచ్చాను. బల్ల మీద 470. వంగి నిలబడితే 390. స్నేహితుడికి మీటరు తిరిగి ఇస్తూ ఆ రెండో అంకె చెప్పాను, మొదటిది చెప్పలేదు. ఆయనా రెండోదే అడిగాడు.

మా మనవడికి బడి సెలవుల్లో ఒక పీట చేయడం నేర్పుతున్నాను. మూలమట్టం పెట్టి మొన్న వాడు గీసిన గీత నాకు రెండడుగుల దూరంనుంచి, అద్దాలు లేకుండా కనబడింది. "తాతా, గీత కాస్త వంకర పోయింది కదా" అన్నాడు. నిజమే, పోయింది. చెరిపి మళ్లీ గీయించాను.

అన్నీ కుదిరాయని చెప్పను. డ్రిల్లింగ్ మెషిను స్తంభం ఎత్తు మేము సుద్దతో గీసిన రోజు సరిగా లెక్కలోకి రాలేదు. ఇప్పుడు దాని నీడ లేత్ కుడి కొస మీద, సరిగ్గా టెయిల్‌స్టాక్ పక్కన పడుతోంది. వెనక వరుసలో మూడో పట్టీని ఒక అడుగు ఎడమకు జరిపితే పోతుందని నిన్న రాత్రి టార్చి పట్టుకుని చూసుకున్నాం. ఆదివారం ఆ కుర్రాడు వస్తానన్నాడు. వెదురుకర్ర మూలన అలాగే ఉంచాను.